రాత్రి రెండున్నరకి

మేం ఎనిమిదిమందిమి.
పాలుతాగేదాన్ని కలిపితే తొమ్మిది.
షోరూం కుర్రాడు ఏడు సీట్లన్నప్పుడల్లా
మా అత్తగారు వేళ్లు మడిచి మళ్లీ మొదట్నించి లెక్కపెడుతుంది,
ఎవర్నో ఒకర్ని దింపేయాల్సొస్తుందేమోనని.

ఎనికేపాడు రోడ్డున మూడు షోరూములు, మూడు గ్లాసుల బాదంపాలు.
తెల్లది, నల్లది, ఇటుకరంగుది.
మా ఆయన ప్రతిదాని తలుపూ వేసి వింటాడు,
ధబ్బుమంటే మంచి బండట,
పుచ్చకాయ తట్టి కొన్నట్టు.
మరిది పూర్ణచంద్‌కి పైకప్పులో కిటికీ కావాలి.
బెజవాడ ఎండకి నెత్తిమీద కిటికీ ఎందుకయ్యా అంటే
జవాబు లేదు, కోరికుంది.
పిల్లలు మూడో వరసలోకి పాకిపోయి
అక్కణ్ణించి చేతులూపారు, రైలెక్కినవాళ్లలా.
అత్తగారు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, మోకాలు పట్టుకుని,
ఇటుకరంగుదాన్ని కొట్టేసింది.
ఏసీ గాలి మెడకి తగిలాక
పోనీలే, ఉండనీ, అంది.

నేనొకటే అడిగాను.
"రాత్రి రెండున్నరకి స్టార్టవుతుందా?"
కుర్రాడు నవ్వి, బటన్ స్టార్ట్ మేడం, అన్నాడు.

వాడికేం తెలుసు.
పాత వ్యాను వారధి నడిమధ్యన ఆగిన రాత్రి
వెనక సీట్లో తోటికోడలు శశిరేఖ నొప్పులు పడుతోంది.
కింద కృష్ణలో నీళ్లు లేవు, ఇసుక మీద వెన్నెలుంది.
ఇరవై రెండేళ్లుగా పెద్దాసుపత్రిలో నర్సుని నేను,
ఎందరి చేతులో పట్టుకున్నదాన్ని,
ఆ రాత్రి తాళంచెవి పట్టుకుని
తిప్పుతూ ఉన్నాను, తిప్పుతూనే ఉన్నాను.
అది దగ్గుతూ ఉంది.
చివరికి మార్కెట్‌కి పోయే టమాటాల ఆటో ఒకటి ఆగింది.
పాలుతాగేదానికి పేరు హంసిని అని పెట్టాం గానీ
ఇంట్లో అందరం టమాటా అనే పిలుస్తాం.

అందుకే నైట్ డ్యూటీ దిగి తిన్నగా ఆటోనగర్ వెళ్లాను,
కరీముల్లా షెడ్డుకి.
గోడ నిండా మేకులు,
ఒక్కో మేకుకి ఒక్కో బండి సామాను.
తెల్లదాని మేకు బరువుకి వంగిపోయింది.
నల్లదానికి రెండు బెల్టులు, ఒక పంపు.
ఇటుకరంగుదాని మేకు ఖాళీ.
"చూశారుగా సిస్టర్," అన్నాడు
చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

చూశాను.
వార్డులో ఖాళీ మంచాలూ చాలా చూశాను.
"చెడక ఖాళీనా, దొరక్క ఖాళీనా?"

తుడుచుకోడం ఆపాడు.
"తొందరగా చెడదు. చెడిందా,
సామాను చెన్నై నుంచి రావాల.
మూడు వారాలు ఇక్కడే కూచుంటది, పెళ్లికూతుర్లాగ.
తెల్లది నెలకోసారి మూలుగుద్ది,
కానీ ఏ ఊళ్లోనైనా ఎవడో ఒకడు తట్టి లేపుతాడు."
"మరి నల్లది?"
కాసేపు ఆలోచించాడు.
"దాని గురించి చెప్పడానికేం లేదు సిస్టర్.
సామాను పక్క వీధిలో ఉంది.
ఎండకి కాలుద్ది, అంతే."

చెప్పడానికేం లేనిదాన్నే కొన్నాం.
నలుపేంటన్న అత్తగారికి దిష్టి తగలదని చెప్పాను.
పూర్ణచంద్ రెండు పూటలు అలిగాడు, మూడోపూట పులిహోర.
సీట్ల లెక్క మాత్రం ఎవరూ తేల్చలేదు,
మరిది బైకుంది, నాకు డ్యూటీ ఉంటుంది కదా
అన్నారెవరో, నేనే అనుకుంటా.

కొండ కింద పూజ చేయించి
నాలుగు నిమ్మకాయలు తొక్కించి తెచ్చిన రాత్రి
నిద్రపట్టలేదు.
లేచాను. నైటీ మీద తువ్వాలు కప్పుకుని కిందికి దిగాను.
సీట్లకింకా కవర్లు తియ్యలేదు, కూర్చుంటే కరకరమన్నాయి.
గడియారం రెండూ ఇరవైతొమ్మిది.
ఒక నిమిషం ఆగాను.
నొక్కాను.

ఎదురింటి వాటాలో లైటు వెలిగింది.
వెంటనే ఆపేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పైకొచ్చాను.

గోడవైపు తిరిగి పడుకున్న మా ఆయన
"అయిందా?" అన్నాడు.
"ఊఁ."
"మొదటిసారికే?"
"ఊఁ. పడుకో."