పదమూడో నెల

పంచాంగంలో అధికమాసం
మూడేళ్ళకోసారి వస్తుంది.
మా ఊరికి ఏటా వస్తుంది.
ఇరవై ఎనిమిది రోజులకో నెల కట్టి
కంపెనీవాడు ఏడాదిని పదమూడు ముక్కలు చేశాడు.
పదమూడో నెలకి పేరు లేదు, పండగ లేదు,
కట్టాల్సిన డబ్బు మాత్రం ఉంది.

ఆ డబ్బు పుచ్చుకునేది నేనే.
మందస దాటాక, కొండనీడ మొదలయ్యే మలుపులో
రేకుల బడ్డీ, ఎండకి వెలిసిన కంపెనీ గొడుగు.
సిగ్నల్ పోతే తిట్లు నాకే.
రేటు పెరిగినా నాకే,
నేనే ఢిల్లీలో కూర్చుని పెంచినట్టు.
"మొన్న నూటేభై, నిన్న నూటతొంభై,
సిగ్నలేమైనా లావెక్కిందేటి బాబూ?"
అంటుంది తామాడ సూరమ్మ.

లావెక్కలేదు.
కల్వర్టు మీద ఎడమకాలు ఆనిస్తే రెండు గీతలు,
కుడికాలు ఆనిస్తే ఒకటి.
మా కాళ్ళ కింద అక్కడి సిమెంటు నున్నబడింది.
ఫిర్యాదుకి ఫోన్ చేశాను ఓసారి.
తెలుగు కోసం ఒకటి నొక్కమంది ఆ గొంతు.
నొక్కాను.
కట్టయిపోయింది.

సూరమ్మ జీడిపిక్కలు కొట్టే మనిషి.
ఇరవయ్యేళ్ళ జీడిచమురు
ఆమె వేలిగీతల్ని తినేసింది.
రేషన్ మిషన్‌కి ఆ బొటనవేలు పరాయిది.
అయితే ఫోనుకొచ్చే నంబరు చెప్పమంటాడు డీలరు.
డిపో దగ్గర అది రాదు.
కల్వర్టు దాకా పరిగెత్తి, ఎవరో గుంటడి చేత చదివించుకుని,
దారంతా వల్లించుకుంటూ తిరిగొచ్చేసరికి
దానికి కాలం చెల్లిపోతుంది.

ఇక ఆ రెండో టవరు.
కొర్ల దాలెమ్మ తోటలో లేచి మూడేళ్ళు.
పునాదికి మేకను కోశాం.
"దీపావళికల్లా" అన్నాడు ఇంజనీరు కుర్రాడు,
ఏ దీపావళో అడగడం మర్చిపోయాం.
కరెంటు రాలేదట,
కాగితం ఎక్కడో ఆగిందట,
కంపెనీ అప్పుల్లో ఉందట, కోర్టులో ఉందట.
ఒక్కో 'అట' మీద ఒక్కో వానాకాలం కురిసింది.
బోల్టులు తుప్పు కక్కాయి, పైన గద్ద గూడు కట్టింది.
ఆర్నెల్లు ఇచ్చిన అద్దె ఆగిపోయాక
దాలెమ్మ టవరు కాలికి మేకను కట్టడం మొదలెట్టింది.
"దీనికి తగిలిన లైను ఇదొక్కటే" అనేది తాడు చూపించి.

అయినా ఆ ఇనుము మీద ఎంత ఆశ మాకు!
పాత కంపెనీని తిట్టేటప్పుడు అటు తిరిగి తిట్టేవాళ్ళం,
పుట్టింటి దిక్కు చూస్తూ అత్తను తిట్టినట్టు.

నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం భయం కూడా.
రెండోది వస్తే దాని ఏజెన్సీ పైలవారి హైమదట.
సూరమ్మ ఆ బడ్డీకే పోతుంది.
పోవాలి కూడా.

మొన్న కార్తీకంలో జీపొచ్చింది.
బట్టీలో ఆడవాళ్ళు బూడిద చేతులతోనే పరిగెత్తుకొచ్చారు.
ఇద్దరు కుర్రాళ్ళు నడుముకి తాళ్ళు కట్టుకుని ఎక్కారు.
గద్ద చాలాసేపు అరుస్తూ తిరిగింది.
పొద్దువాలేసరికి రంగు తెలిసింది.
నా గొడుగు రంగే.
రెండోవాడి టవరు మొదటివాడు కొనేశాడు.

కాసేపు ఎవరికీ మాట రాలేదు.
దాలెమ్మే అంది:
"కొత్త అత్త ఒస్తాదనుకున్నానర్రా,
పాతదే సీర మార్చుకొచ్చీసింది."
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, అవసరానికి మించే.

మర్నాడు పొద్దున్నే సూరమ్మ.
రేటు మళ్ళీ పెరిగిందని చెప్పాను.
కొంగుముడి విప్పి, చమురంటిన నోట్లు
ఒక్కొక్కటే గల్లా మీద పరిచి
"ఇదేటి నెల బాబూ?" అంది.
నా దగ్గర పేరు లేదు.
నంబరు కొట్టాను.
తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.
ఇద్దరం దాన్నే చూస్తున్నాం.