సగం వేళ్ళ గ్లౌజులు

జగదాంబ దగ్గర మూడొందల యాభైకి కొన్నాను.
నల్ల తోలు, మణికట్టు దగ్గర పట్టీ,
వేళ్ళు సగానికే.
బీచ్ రోడ్డు ఉక్కలో
చెమటకి హ్యాండిల్ జారదు,
ఫోన్ గీకడానికి కొసలు బయటే.

మా కాసులమ్మత్త అటూ ఇటూ తిప్పి చూసి
"సగమే ఇచ్చి పూర్తి డబ్బులుచ్చుకున్నాడేటిరా?
నాకు చెప్తే కత్తెరెట్టి కోసిచ్చీదాన్ని గదా" అంది.

తెల్లారి నాలుగ్గంటలకి హార్బర్లో చూశాను.
కంపెనీ ఇచ్చిన నీలం రబ్బరు తొడుగులకి
తనే కొసలు కోసేసుకుంది.
ఐసులోంచి రొయ్యని తీసి
బొటనవేలితో నొక్కి
"మెత్తబడిపోనాది, నిన్నటిది" అని పక్కకి విసిరింది.
ఆ సంగతి రబ్బరుకి తెలీదంట.

ఆ వేలికొసలు తెల్లగా, నానిన అటుకుల్లా.
రేషన్ మిషన్ మీద నాలుగుసార్లు ఒత్తినా
ఆవిడెవరో దానికీ తెలీలేదు.

మొన్న నా గ్లౌజులు కనపళ్ళేదు.
సాయంత్రం దండెం మీద దొరికాయి,
ఉతికి, పిండి,
ఊడిన కుట్టు దగ్గర
వల దారంతో ఆకుపచ్చ ముడి.

సిరిపురం సిగ్నల్ దగ్గర
పక్క బండివాడు ముక్కు మూసుకున్నాడు.
నేను స్టైలుగా
చెయ్యి ఊపాను.