ఒక పక్క గీత

ఆదోనిలో తడి రంగును బయట ఆరబెట్టకూడదని
నాకెవరూ చెప్పలేదు.
ఇరవై రెండేళ్లుగా జిన్నింగు మిల్లులో
దూది నెత్తినేసుకుని తిరిగేవాణ్ణి,
నాకు నేనైనా చెప్పుకోవాల్సింది.

స్కూటరు ఒక కాంపౌండరు దగ్గర కొన్నా, ఏడు వేలకు.
బూడిద రంగు. కుడి డొక్కన సొట్ట.
షెడ్డుకు పోతే
బండి కన్నా రంగుకే ఎక్కువ చెప్పినాడు.
"నేనే ఏసుకుంటాలే" అని వచ్చేసినా.
నోరు ఊరకుండదు గదా.

మూడు ఆదివారాలు ఎమిరీ కాగితంతో రుద్దినా,
నీళ్లు చల్లుకుంటా,
నూట ఇరవై, నాలుగొందలు, ఎనిమిదొందలు.
బూడిద కింద తెలుపు,
తెలుపు కింద ఎవరో ఒకప్పుడు ఇష్టపడిన నీలం.
ముందు రేకు మీద
బూడిద కరిగేకొద్దీ అక్షరాలు తేలినాయి:
చి. వైజయంతి.
ఎవరింటి బిడ్డో.
ఈ రేకు వెనకాల నిలబడి
హ్యాండిల్ నడుమ మీటరు పట్టుకుని
బడికి పోయింటుంది.
చెయ్యి రవ్వంతసేపు ఆగింది.
మళ్లీ రుద్దినా.
పనంటే పనే.

అంగట్లో నెమలికంఠం అడిగినా.
డబ్బా మూత మీద నెమలికంఠమే.
రేకు మీద పడినాక ఉల్లాకు.
మా ఈరమ్మ గడప మీంచి చూసి
"కోసుకొచ్చి కూరకు ఏసుకోవచ్చు" అనింది.

మొదటి పూత కారింది,
చంటిపిల్ల ముక్కులెక్క.
రెండోది బత్తాయి తొక్క, గుంటలు గుంటలు.
మూడోది కుదిరింది.
అద్దమే. వీధి దీపం దాంట్లో ఊగింది.
అప్పుడు మిల్లుల పక్కనుంచి గాలి తిరిగింది.
తెల్లారేసరికి బండికి
నూగు మొలిచింది,
పదో తరగతి పిల్లోడి మీసంలెక్క.

గీతల కోసం మాత్రం దస్తగిరి దగ్గరికి పోయినా.
లారీల వెనక తామరపూలు ఏసిన చెయ్యి ఆయనది.
ఇప్పుడు వేళ్లు వణుకుతాయి, గీయడు.
లుంగీ మడతలోంచి
ఉడుత వెంట్రుకల కుంచె తీసిచ్చినాడు,
కత్తి మాదిరి పొడుగు, కిరోసిన్ వాసన.
"కుంచెను చూడొద్దప్పా.
గొర్రు తోలేటోడు ఎద్దు కాలు చూస్తాడా?
సాలు యాడికి పోవాల్నో ఆడికి చూడు.
నడుమ ఊపిరి తీసుకోవద్దు."

మా నాయన గొర్రు తోలేటోడు.
నేను మేడి పట్టకముందే చేను పోయింది.
నల్లరేగడిలో ఆయన సాలు
దారం లాగినట్టు ఉండేదంటారు.
చూసినట్టు నాకు గుర్తు లేదు,
చూసినానని చెప్పుకుంటుంటా.

పసుపు రంగు. ఎడమ డొక్క.
కాగితం టేపు అతికించి నడుమ గీద్దామనుకుంటే
పీకేటప్పుడు టేపుతో పాటు
ఉల్లాకు తోలు కూడా లేచొచ్చింది.
దాన్ని పూడ్చుకోను ఇంకో వారం.
ఇంక ఉత్త చేత్తోనే.
ముడ్డి కింద నూనె డబ్బా,
చిటికెనవేలు రేకుకు ఆనించి
ఊపిరి బిగబట్టినా.
జానెడు పోయింది. మూరెడు పోయింది.
నిజంగానే పోతాంది,
నేను గీయడం లేదు,
అది పోతాంటే ఎనక నడుస్తాండా,
రెండు గంటల షిఫ్టు సైరన్ కూసింది.

ఆ కూత ఇప్పటికీ బండి మీద ఉంది.
సీటు కింద, ఎనక చక్రానికి పైన,
గీత ఉలిక్కిపడి గింజంత ఎగిరి
మళ్లీ సర్దుకున్న చోటు.
తుడుద్దామని కిరోసిన్ గుడ్డ తీసుకున్నా.
గుడ్డ ఆరిపోయిందాకా
చేతిలోనే ఉండిపోయింది.

దస్తగిరి వచ్చి చూసినాడు,
కళ్లద్దాలు తీసి, ముక్కు రేకుకు తగిలేంత దగ్గరగా.
గీత గురించి ఒక్క మాటా అనలేదు.
"రెండో పక్క?"
"ధైర్యం సాల్లేదు."
"ఏమిలే. రెండు పక్కలా ఒకేసారి చూసేటోడు ఎవడు?"

నాలుగు నెలలయింది.
మిల్లు గేటు కాడ ఎడమ పక్క దావకు
కనపడేట్టు నిలబెడతా.
కుడి పక్క గోడకు.
ఆర్సీ బుక్కులో ఇంకా బూడిద రంగే.
పొద్దున ఏటవాలు ఎండ పడినప్పుడు మాత్రం
మూడు పూతల కిందినుంచి
వైజయంతి లేస్తుంది,
చి. తో సహా.

కుంచె నూనెలో నానుతాంది.
ఈ ఆదివారం గాలి లేకుంటే చూడాల.