ఒక్క మెట్టు వదులు

మహబూలాలో ఆగస్టు.
అర్ధరాత్రి దాటినా గోడ మీద చెయ్యి పెడితె
రొట్టె కాల్చిన పెనం లెక్కనే ఉంటది.
ఆరుగురం, మూడు రెండంతస్తుల మంచాలు,
కిటికీ కాడ నా కంప్యూటరు,
పక్కపలక ఊడదీసి, పేగులు బయటేసుకొని.

ర్యామ్ పుల్లలు రెండు
జుమా బజార్ల కొన్న.
ఈజిప్టు ముసలాయన పద్నాలుగు దినార్లు అన్నడు,
తొమ్మిదికి దిగిండు.
మీది స్టిక్కరు సగం చినిగింది,
ముప్పై రెండు వందలు అన్న అంకె మాత్రం మిగిలింది.
రాసిన కాడ ఆగుడు నాకు రాదు.
పగలంత ఏసీలు బాగుచేసేటోన్ని,
గేజు ముల్లు ఎంత దాక పోతదో
పోనిచ్చి చూసే చెయ్యి ఇది.

ముప్పై రెండును ముప్పై ఎనిమిది చేసిన.
పదహారు, పందొమ్మిది, పందొమ్మిది, ముప్పై తొమ్మిది:
ఓటీ గంటలు రాసుకునే నోట్‌బుక్కుల
వెనక పేజీ నుంచి రాసుకుంట వస్తున్న.
వోల్టేజి ఒకటి పాయింటు మూడు ఐదు.
తెర నల్లగనే ఉన్నది.
ఒకటి పాయింటు మూడు ఎనిమిది.
ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్ల తిరిగింది,
మూడుసార్లు దగ్గి పాత లెక్కకే వచ్చింది.
ఒకటి పాయింటు నాలుగు రెండు.
లేచింది.

పై మంచం మీంచి ఓదేలు తల వంచిండు.
"ఏమొస్తది రా దీనితోని?"
"నూటికి తొమ్మిది వంతులు జోరు."
"ఆ మిగిలిన టైముల ఏం జేస్తవ్?"
"ఇంకో టెస్టు పెడ్త."
దుప్పటి నెత్తి మీదికి గుంజుకున్నడు.

మా చిన్నాయన పోశాలు డప్పు కాపుతుండె.
గడ్డి మంట ముంగట ఎత్తి పట్టి,
తిప్పి, ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి
"ఇంకా రాలే" అనేటోడు.
తోలుకు కాక తగిలితె బిగుస్తది,
బిగిస్తె మోగుతది.
ఈ పుల్లలది ఎదురు గుణం.
కాక తగిలితె సడలుతయ్,
పట్టుకున్నది ఇడిసిపెడ్తయ్.
లోపట గింజంత గింజంత ఛార్జి
పర్రె వాసిన కుండల నీళ్ల లెక్క కారుతనే ఉంటది,
ఒడవకముందే మళ్ల నింపాలె.
ఎంతసేపటికోసారి అనుకున్నరు?
సెకండును లక్ష ముక్కలు చేస్తె
అండ్ల ఒక్క ముక్క కూడ నిండదు.
నేను ఆ నింపుడును ఆలస్యం చేసిన.
నింపినప్పుడల్లా పని ఆగుతది గద,
తక్కువసార్లు ఆగితె ఎక్కువ ఉరుకుతది.
ఏసీ పద్దెనిమిది మీద ఉన్నంతసేపు
ఏ మతిమరుపూ లేదు.

టెస్టు ఎనభై మూడు శాతం కాడ
ఒక ఎర్ర గీత.
ఒక్కటే. తరువాత నాలుగు. తరువాత లెక్క పెట్టలే.
వోల్టేజిని అనుమానించిన,
రెండో పందొమ్మిదిని అనుమానించిన,
ఈజిప్టాయనను కడుపార తిట్టిన.
అప్పుడు నోట్‌బుక్కు మీద బొట్టు పడ్డది,
నా గదువ మీంచి చెమట.
ఓదేలు దుప్పటి కింద నేల మీదున్నది.
మూల మంచం మీద మొండెయ్య
బనీను ఇప్పి విసురుకుంటున్నడు.
ఏసీ చప్పుడు లేదు.
ఎప్పుడు ఆగిందో.
దినాం పది ఇండ్లల్ల సల్లగాలి పుట్టించేటోన్ని,
నాకు తెల్వలే.
తొమ్మిది దినార్ల పుల్లలకు ముందు తెలిసింది.

టార్చి నోట్ల పట్టుకొని మిద్దె ఎక్కిన.
కెపాసిటరు కప్ప లెక్క ఉబ్బి ఉన్నది.
సంచిల పాతది ఒకటి ఉండె, సగం నమ్మకంది.
మజీదుల బాంగు ఇచ్చేటాలకు
కంప్రెసరు గుర్రుమన్నది.

కిందికొచ్చి చూస్తె
ఐదుగురు నిద్రల పడ్డరు.
కూసున్న. ఒకటి పాయింటు నాలుగు సున్నా.
పందొమ్మిది కొట్టేసి ఇరవై రాసిన.
నింపుడును ఎప్పటి తీరుకు తెచ్చిన.
ఎక్కిన మెట్లల్ల ఒక్కటి దిగుడు
ఇంత కష్టమని ఎవలూ చెప్పలే.

ఐదింటికి కంపెనీ వ్యాను హారను.
టెస్టు నలభై ఒకటి కాడ ఉన్నది.
ఆపబుద్ధి గాలే.
డబ్బా మీద చీటి అంటించి పోయిన:
"ముట్టకుండ్రి.
ఏసీ ఆగితె ముందు దీన్ని బందు చెయ్యుండ్రి,
తరువాత నాకు ఫోను."