కోతకి రాని మడి

ఈ మడి ఎకరం ముప్పై సెంట్లు.
దీన్ని పండించడానికి కాదు, పచ్చగా ఉంచడానికి
నాకు నెలకి పద్నాలుగు వేలు.

ఆత్రేయపురం దాటి కాలవగట్టు మీద రెండు మైళ్లొస్తే
నల్ల గ్రానైటు మీద బంగారు అక్షరాలు: వెన్నెలరేవు.
పెళ్లిళ్లకీ, షష్టిపూర్తులకీ, ఓణీల ఫంక్షన్లకీ.
రోజుకి అద్దె ఎంతో అడక్కండి,
మా వీధి వీధంతా సార్వా పండిస్తే ఒక పూటకి సరిపోద్ది.
పేరులో రేవుంది గానీ ఇక్కడెవరూ బట్టలుతకరు.
మెట్లకి పాలరాయి, నీళ్లకి నీలం లైటు.

అద్దాల హాలుకి ఎదురుగా నా మడి.
పెళ్లికూతురి వెనకాల గాలికి ఊగాలి,
డ్రోను పైనుంచి చూస్తే పట్టుచీర పరిచినట్టుండాలి.
ఎండుటాకు కనపడకూడదు.
కలుపు తీసే మనిషి కనపడకూడదు.
అన్నిటికన్నా ముఖ్యం, పండకూడదు.

మేనేజరు తేజోమూర్తి మంచి కుర్రాడే.
మొదటి రోజే చెప్పేడు:
"నూకాలక్కా, పసుపు తిరిగిందంటే
ఫొటోలో ఎండిపోయిందంటారు పార్టీవాళ్లు."
ఎండడం వేరు, పండడం వేరు బాబూ
అనబోయి ఊరుకున్నాను.
జీతం ఒకటో తారీఖునే పడుద్ది.

ఊడ్చిన రెండు నెలలకి చిరుపొట్ట.
ఆనక కంకి తొంగిచూస్తుంది, పాలు పోసుకుంటుంది.
గింజ గట్టిపడేలోగా కొడవలి.
గేదెలకి పచ్చిమేత.
పాలకంకులు కోస్తే చేతికి తెల్లగా అంటుకుంటుంది.
కడుక్కుంటే పోద్ది,
వాసన మటుకు అన్నం ముద్ద కలిపేదాకా పోదు.
పక్కన నారుమడి ఎప్పుడూ సిద్ధం.
కాలవ కట్టేసినా బోరుంది.
ఏడాదిలో నాలుగుసార్లు ఊడ్చేను,
ఒక్క కుప్పా నూర్చలేదు.

ఎవరికీ చెప్పకండి.
జనరేటరు షెడ్డు వెనక ముప్పై గజాల చెక్కుంది.
కెమెరాకి అందదు,
డీజిలు వాసనకి తేజోమూర్తి అటు రాడు.
అక్కడ బొండాలు వేసేను.
తలొంచుకున్నాయి, రంగు తిరిగేయి,
పొద్దుటే చెయ్యి పెడితే గరగరలాడేయి.
రోట్లో దంచితే రెండు కుంచాలు.

కార్తీకంలో ఓ పెళ్లి. కడియం నుంచి మూడు లారీల పూలు.
రెండు వేల మంది భోజనాలు లేచేక
వాయుగుండం లేచింది.
షామియానాలు తెరచాపలైపోయేయి.
థర్మోకోలు హంసకి మెడ విరిగింది.
హైదరాబాదు నుంచొచ్చిన తలంబ్రాల పెట్టె,
ముత్యాలూ మెరుపులూ కలిపిందంట,
నీళ్లు దిగి గులాబీరంగు ముద్దయింది.
రెండూ పద్నాలుగుకి ముహూర్తం.

తేజోమూర్తి తడిసిన బూట్లతో పరిగెత్తుకొచ్చేడు:
"అక్కా, బియ్యం!"
"వంటశాలలో బాసుమతి బస్తాలు..."
"గది తాళం క్యాటరింగోడి జేబులో ఉంది,
ఆడు రాజమండ్రిలో ఉన్నాడు."

పసుపూ నెయ్యీ కలిపి
స్టీలు బేసిన్లో పట్టుకెళ్లేను.
పంతులుగారు గుప్పెడు తీసి లైటుకి చూసేరు.
"ఎక్కడివమ్మా?"
"ఇంటివేనండి."

బొండాలంటే లావు గింజ, పాలిషు తెలీని గింజ.
పెళ్లికొడుకు దోసిలెత్తి పోసేడు,
"అబ్బా!" అని తల పట్టుకుంది ఆ పిల్ల,
పట్టుకుని నవ్వింది, నవ్వి రెండు దోసిళ్లు ఎక్కువే పోసింది.
ఫొటోలవాళ్లు "ఇంకోసారి సార్, ఇంకోసారి" అన్నారు.
బేసిను ఖాళీ అయిపోయింది.

నేను గోనెసంచి నెత్తిన కప్పుకుని
అద్దానికి బయట నిలబడ్డాను.
లోపల్నించి కనపడనులే.

తెల్లారి గింజలూ ముత్యాలూ కలిపి
మెట్ల మీదికి ఊడ్చేసేరు.
కాలవలోంచి బాతులెక్కి వచ్చేయి.
గింజ గింజా తిన్నాయి, ముత్యాలు ముట్టలేదు.

మడంతా పడిపోయింది, దువ్విన జుట్టులాగ ఒకే పక్కకి.
ఫోనులో మెసేజీ:
ఇరవై రెండుకి సంగీత్ అక్కా, పచ్చగా కావాలి.

నారు పీకి కట్టలు కడుతున్నాను.
వానకి షెడ్డు వెనక చెక్కలో
చీలమండ లోతు నీళ్లు నిలిచేయి.
బాగున్నాయి.