పూలకుండీకి చెవులు

మంగళవారం మధ్యాహ్నం. క్లీవ్‌లాండ్‌లో లైబ్రరీ నేలమాళిగ.
బయట మంచు కరిగి బురదవుతోంది.
లోపల కుర్చీలు నలభై, మనుషులం ఏడుగురం,
హీటరు గురక కలుపుకుంటే ఎనిమిది.

బొమ్మకి అప్పుడే మాటలొచ్చిన రోజులు.
ఎవరూ తిన్నగా నడవరు, నడిస్తే బూట్లు డైలాగుని తినేస్తాయి.
రహస్యం చెప్పుకోవాలంటే మాత్రం
బల్ల మీది పూలకుండీ దగ్గరికే వస్తారందరూ.
గోడలకు చెవులుంటాయంటారు,
ఇక్కడ చెవులు పూలకుండీకి.
ఇద్దరు పెద్దమనుషులు చామంతుల మీదికి వంగి
వీలునామా గురించి పోట్లాడుకుంటున్నారు.

సంగీతం లేదు. మాటకీ మాటకీ మధ్య
పోపులో ఆవాలు చిటపటలాడుతున్న చప్పుడు.
ఎవరో ఊపిరి బిగబట్టారు,
బిగబట్టడం కూడా వినిపిస్తోంది.

ప్రొజెక్టరు నాది. హంతకుడెవరో నాకు తెలుసు,
ఏడాదికోసారి, పదకొండుసార్లు పట్టుకున్నాను వాణ్ణి.
అయినా నౌకరు మీద అనుమానం పోదు.
అంత మర్యాదగా టీ పోసేవాడు
ఏదో ఒకటి చేసే ఉంటాడు.

మూడో వరుస చివర విల్మా కోసిక్.
కోటు విప్పదు, చేతి తొడుగులు తియ్యదు.
పంతొమ్మిదో నిమిషంలో దీపాలారిపోతాయి.
చీకట్లో ఒక ఆడగొంతు కెవ్వుమంటుంది.

ఆ కేక నటిది కాదు.
నటికి ఆ రోజు గొంతు పట్టేసిందట.
ఆఫీసులో టైపు కొట్టే పిల్లని పిలిచి
తెర చాటున నిలబెట్టి అరవమన్నారు.
లుడ్మిలా కోసిక్, విల్మా మేనత్త.
ఐదు డాలర్లు, ఒక సాండ్‌విచ్.
పేరెక్కడా పడలేదు.
విల్మా పుట్టకముందే పోయింది.
ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో
టోపీ నీడ మొహాన్ని మింగేసింది.

కేక ఆగగానే విల్మా లేస్తుంది.
శవం ఇంకా కింద పడనైనా లేదు.

ఒక ఏడాది ఉండబట్టలేక మెట్ల దగ్గర ఆపాను.
ఆఖరిదాకా కూచోండి, చంపిందెవరో తెలుస్తుంది కదా!
స్కార్ఫు ముడేసుకుంటూ నన్ను చూసి
"ఈసారి కాస్త పొడుగ్గా అరిచింది, కదూ?" అంది.

అదే ప్రింటు. అదే కేక.
అవునన్నాను.

తిరిగొచ్చేసరికి చివరి రీలు.
డిటెక్టివ్ అందర్నీ హాల్లోకి పోగేశాడు.
నౌకర్ని అడిగాడు, డాక్టర్ని అడిగాడు,
మేనకోడలు ఏడిస్తే రుమాలిచ్చి మరీ అడిగాడు.
మొదట్నుంచీ అన్నీ విన్నది
బల్ల మీద అలాగే ఉంది,
చామంతులతో.
దాన్ని మాత్రం ఎవరూ అడగరు.