కొండ గురుతు

దరఖాస్తులో మొదటి గడే నన్ను రెండు ముక్కలు చేసింది.
ఇంటిపేరు ఒక చోట, పేరు ఒక చోట,
పొడి అక్షరాలు చెల్లవు.
పదో తరగతి కాగితంలో నూకరత్నానికి రెండు ఓలు,
డిగ్రీ మెమోలో ఒక్క యూ.
ఇద్దరూ ఒక మనిషేనని
జగదాంబ దగ్గర నోటరీ ముందు ప్రమాణం చేశాను.
నూట యాభై పుచ్చుకుని ఆయన నమ్మాడు.

మార్కుల కవరు అంటించి, మూత మీద అడ్డంగా సంతకం పెట్టి,
పాణిగ్రాహి మేడం లక్క ముద్ర వేయించారు.
"విప్పావో, ఇంక చెల్లదు."
బస్సులో ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను,
నిద్రపోతున్న పరాయి బిడ్డని పట్టుకున్నట్టు.
లోపలున్నది నేనే.

ఫీజు డెబ్బై అయిదు యూరోలు.
పై దేశాలకి పనికొచ్చే కార్డు మా పేటలో ఒక్కరికే,
మందుల షాపు ఈశ్వర్రావు గారికి.
ఏడువేల చిల్లర.
అమ్మ వాయిదాలు మాట్లాడింది:
ఆదివారం కోనెం ముక్కలు, మిగతా రోజులు కవళ్లు,
ఉగాది దాకా.

*ఈ చదువే ఎందుకు? వెయ్యి మాటలు మించరాదు.*

అవుట్ గేటు దగ్గర టైపు కొట్టే హేమసుందర్ దగ్గర
తయారుగా ఒక వాక్యం ఉంది.
చిన్ననాటి నుంచీ నాకు సముద్రమంటే మక్కువ.
పోయినేడు సముద్రం చోట అందులో యంత్రాలుండేవి,
అంతకు ముందేడు మందులు.

మక్కువ కాదు తమ్ముడూ.
మా పెదనాన్న చినపోలయ్యకి దిక్సూచి లేదు.
లైట్‌హౌసు వెనక యారాడ శిఖరం దాక్కుంటే ఒక గీత,
కైలాసగిరి భుజం మీంచి సింహాచలం కొండ తొంగి చూస్తే ఇంకో గీత,
రెండు గీతలూ కోసుకున్న చోట
ముప్పై బారల కింద రాయి,
రాయి చుట్టూ చేప.
ఆ రాళ్లకి పేర్లున్నాయి, పటంలో లేవు.
పదకొండు పేర్లు నాకు నోటికొచ్చు.
ఏ రాయి మీద ఏ నెలలో నీరు చల్లబడుతుందో
వలలు బాగుచేసే చోట కూర్చుని విన్నాను.
వినడమే.
ఆడపిల్ల కాలు పెడితే పడవకి మంచిది కాదంట.
నేను సముద్రం మీదికి ఒక్కసారీ వెళ్లలేదు.

"ఆ ముక్క తీసెయ్యండి మేడం,
ఇలా రాస్తే ఎవడిస్తాడు సీటు?"
సరే అన్నాను.
ఇంటికొచ్చి మళ్లీ పెట్టాను.
ఇంగ్లీషులో అది తొమ్మిది మాటలయింది.
తొమ్మిదికి చోటు చాలక
బంగారు పతకం సంగతి కొట్టేశాను.

వాళ్ల అర్ధరాత్రి మనకి తెల్లవారుజాము నాలుగున్నర.
సిగ్నలు కోసం నీళ్ల ట్యాంకు ఎక్కి
ఫోను ఎత్తి పట్టుకున్నాను.
కింద ఒడ్డున టార్చిలైట్లు, ఇంజను దగ్గులు,
తెడ్డు మరిచిపోయినవాణ్ణి ఎవరో తిడుతున్నారు.
ఫైలు తొంభై నాలుగు శాతం దగ్గర ఆగింది.
పడవలు ఒక్కొక్కటే అలలు దాటాయి.
ఆరు దాటాయి. ఏడోది వెనక్కొచ్చి మళ్లీ వెళ్లింది.
అప్పుడు తెర మీద *అందింది* అని పడింది,
అంతే, ఆశ్చర్యార్థకం కూడా లేదు.

మధ్యాహ్నం పెదనాన్న ఎండలో వల పరుచుకుని అడిగాడు:
"అక్కడ కొండలున్నాయేటి?"
ముందే చూసి పెట్టుకున్నాను.
లేవు పెదనాన్నా, ఆ రేవు చుట్టూ అంతా చదునే.

కళ్లు చిట్లించి చాలాసేపు నీళ్లకేసి చూశాడు,
ఆ ఊరు కనబడుతున్నట్టే.
"అయితే చర్చి శిఖరమో, పొగ్గొట్టమో,
ఏదోటి సూసుకోవాల," అన్నాడు,
"ముందొకటి, ఎనకొకటి.
ఒక్కదాన్ని నమ్మీకమ్మా.
ఒక్కటయితే
నువ్వు ఏపుకి ఎల్లినా అది కనబడతానే ఉంటాది."